పతకం రాకముందు కూడా మన బిడ్డే



జూలై నెలను కొన్ని దేశాలలో వికలాంగుల గర్వ మాసంగా జరుపుకుంటారు. అమెరికాలో 1990 జూలై 26న వికలాంగుల హక్కుల చట్టం మీద ఆ దేశాధ్యక్షుడు సంతకం చేశారు. దానిని తలచుకుంటూ అక్కడి నగరాలలో ఊరేగింపులు తీస్తారు. చక్రాల కుర్చీలలో ఉన్నవారు, చంకకర్రలతో నడిచేవారు, సైగలతో మాట్లాడుకునేవారు నడివీధిలో వెళ్తుంటే జనం చప్పట్లు కొడతారు. మనకు తెలిసినది డిసెంబరు 3. ఐక్యరాజ్యసమితి 1992లో ప్రకటించిన అంతర్జాతీయ వికలాంగుల దినం. ఆ రోజు సభ పెడతాం, పండ్లు పంచుతాం, శాలువా కప్పుతాం, ఫొటో తీసుకుంటాం. సభలో మాట్లాడేది ఎక్కువగా వికలాంగులు కానివాళ్లే. జూలై ఊరేగింపులో అలా కాదు, ముందు నడిచేదీ మాట్లాడేదీ వాళ్లే. ఆ తేడా మన సంఘాలలో ఆలోచించదగినదని మాకనిపించి ఈ వ్యాసం రాస్తున్నాం.

అయితే ముందు ‘గర్వం’ అన్న మాట దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు. గర్వం పాపమని ఆదివారపు బడి నుంచి నేర్చుకున్నవాళ్లం మనం. కాలు లేకపోవడం, చూపు లేకపోవడం గర్వపడవలసిన సంగతా అని అడిగేవారూ ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంట్లో మనం ఈ మాటను ఎలా వాడుతున్నామో చూడండి. కూతురు నర్సింగ్ పాసైతే ‘నిన్ను చూస్తే గర్వంగా ఉంది బిడ్డా’ అంటాం. అది అహంకారం కాదని అందరికీ తెలుసు. మన భాషలోనే ఇంకొక జంట మాటలు ఉన్నాయి: తలవంపులు, తలెత్తుకోవడం. మేము చెప్పే గర్వం ఆ రెండవది. ఈ బిడ్డ మా ఇంట్లో పుట్టినందుకు మాకు తలవంపులు లేవు అని ఒక తల్లి అనగలగడం. ఈ శరీరంతోనే నేను మీ మధ్య కూర్చుంటాను అని ఒక మనిషి అనగలగడం. ఇందులో పాపమేమీ లేదు.

తలవంపులు ఎంత దూరం వెళ్తాయో మన జిల్లా పేరు మీదనే దేశమంతా విన్నది. పర్వతగిరి మండలం కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి 2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం గెలిచింది. టీ-20 అనే విభాగంలో ఆమె పరుగెత్తింది. అంటే మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం. ఆ వైకల్యంతో పారాలింపిక్స్ పతకం గెలిచిన మొదటి భారతీయురాలు ఆమె. దానికి ముందు 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడలలో స్వర్ణం, 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు, స్వర్ణం. తరువాత అర్జున పురస్కారం కూడా వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల నగదు, ఇంటి స్థలం, ఉద్యోగం ప్రకటించింది.

ఆ రోజులలో పత్రికలలో ఆమె తల్లిదండ్రులు చెప్పిన సంగతులు మనలో చాలామంది చదివే ఉంటారు. గ్రహణం రోజున పుట్టిందని ఊరంతా చెప్పుకున్నారు. తల చిన్నగా ఉందని, పెదవి ముక్కు తీరుగా లేవని పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. తీసుకెళ్లి అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. కూలి చేసుకుని బతికే ఆ తల్లిదండ్రులు వదలలేదు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగు చూశాడు. ఆ తరువాత శిక్షకుడు రమేష్ హైదరాబాదుకు తీసుకెళ్లారు. మిగిలింది లోకానికి తెలిసిందే.

ఈ కథను మన సభలలో చాలాసార్లు విన్నాం. ‘చూడండి, పట్టుదల ఉంటే వైకల్యం అడ్డు కాదు’ అని ముగిస్తారు. మాకు అక్కడే పేచీ. ఆ అమ్మాయికి అడ్డు వచ్చింది ఆమె వైకల్యం కాదు, ఊరి నోరు. పతకం వచ్చిన తరువాత మెడలో దండ వేయడానికి ఎవరైనా వస్తారు. ఐదేళ్ల వయసులో, పరుగు గిరుగు ఏమీ తెలియని రోజులలో, ఆ పిల్లను అరుగు మీద కూర్చోబెట్టుకుని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎంతమంది? ఇంకొక సంగతి. అదే వైకల్యం ఉన్న పిల్లలలో చాలామంది పరుగెత్తరు, పాడరు, బొమ్మలు గీయరు. జీవితమంతా ఒకరు అన్నం కలిపి పెట్టవలసిన పిల్లలూ ఉన్నారు. వాళ్లకు పతకం రాదు. గౌరవం పతకంతోనే వచ్చేదైతే వాళ్లకు ఎన్నటికీ రాదు. గర్వ మాసం అనేది ఏమైనా ఉంటే అది ముందుగా ఈ పిల్లల కోసం అని మా అభిప్రాయం.

గ్రహణం ముచ్చట కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన భాషలోనే అది ఇరుక్కుపోయి ఉంది. పై పెదవి చీలి పుట్టిన బిడ్డకు ‘గ్రహణం మొర్రి’ అంటాం. కడుపుతో ఉన్న స్త్రీ గ్రహణం చూసిందనీ, ఆ సమయాన కత్తి పట్టిందనీ, గోరుతో గోకిందనీ తల్లి మీద నేరం మోపుతాం. వైద్యశాస్త్రం చెప్పేది ఇది: బిడ్డ పై పెదవి గర్భంలో నాలుగు నుంచి ఏడు వారాల మధ్య అతుక్కుంటుంది, అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. చాలామంది తల్లులకు తాము గర్భవతులమని అప్పటికి సరిగా తెలియనే తెలియదు. అతుక్కోకపోవడానికి వంశపారంపర్యం, కొన్ని రకాల మూర్ఛ మందులు, అదుపులో లేని మధుమేహం, పొగ తాగడం వంటివి కొంతవరకు కారణాలు. చాలామందిలో ఫలానా కారణమని చెప్పలేం. ఆకాశంలో సూర్యుడికి చంద్రుడు అడ్డు రావడానికి, ఈ పెదవికి సంబంధం లేదు. పెదవికి మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి ఏడాది అటూ ఇటూగా శస్త్రచికిత్స చేస్తారు. ఉచితంగా చేసే ఆసుపత్రులూ ఉన్నాయి. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకోవడం మంచిది. మూర్ఛ మందులు వాడుతున్నవారు వాటిని సొంతంగా మానకుండా, గర్భానికి ముందే డాక్టరు గారితో మాట్లాడాలి.

పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న కూడా ఇదే కదా. ఎవరి పాపం, వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఆయన ఆ రెండూ కాదన్నాడు. రెండు వేల ఏళ్ల కింద జవాబు వచ్చిన ప్రశ్నను మన ఇళ్లలో బాలింత మంచం పక్కన ఇంకా అడుగుతూనే ఉన్నాం. ‘ఏం పాపం చేశావో తల్లీ’ అన్న మాట నోటికి రావడానికి ఒక క్షణం చాలు. అది విన్న తల్లి ఆ బిడ్డను ఏళ్ల తరబడి నలుగురిలోకి తీసుకురాదు.

ఇది ఆరోగ్య పత్రిక కాబట్టి, దాచిపెట్టడం వలన జరిగే నష్టం గురించి మేము గట్టిగానే చెప్పాలి. కాజీపేట, ధర్మసాగర్, హన్మకొండ వైపు నుంచి మడికొండకు చికిత్సకు వచ్చే కుటుంబాలలో కొందరు బిడ్డను ఆలస్యంగా తెస్తారు. ‘వాళ్ల నాయనకు కూడా మాటలు లేటుగానే వచ్చినయి’ అని అత్తగారు అంటారు. కొందరికి అసలు కారణం వేరే. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్నట్టు తెలిస్తే సంబంధం తప్పిపోతుందని భయం. ఈ భయం ఊహ కాదు, మన మధ్య పుట్టి పెరిగినదే. కానీ బిడ్డ మెదడు ఆ పెళ్లి అయ్యేదాకా ఆగదు. వినికిడి లోపాన్ని మొదటి నెలలో పరీక్షించి, మూడు నెలలలోపు నిర్ధారించి, ఆరు నెలలలోపు వినికిడి యంత్రమో మరొక సహాయమో మొదలుపెట్టాలని వైద్యులు చెబుతారు. ఎందుకంటే మాట నేర్చుకునే శక్తి తొలి ఏళ్లలోనే ఎక్కువ. నాలుగు నెలలు నిండినా మెడ నిలపని బిడ్డను, తొమ్మిది నెలలకు కూర్చోని బిడ్డను, ఏడాదిన్నరకు అడుగు వేయని బిడ్డను, పిలిస్తే తిరిగి చూడని బిడ్డను వెంటనే చూపించాలి. అన్నిసార్లూ జబ్బే అని కాదు. కాకపోతే సంతోషమే. అయితే మాత్రం ఆ తొలి రెండు మూడు ఏళ్ల ఫిజియోథెరపీ, మాటల శిక్షణ తరువాత ఎంత డబ్బు పోసినా తిరిగి రావు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. ఆ బృందం వచ్చిన రోజున బిడ్డను ఇంట్లో ఉంచేయకండి.

గర్వం అంటే వైద్యం వద్దనడమా అని కొందరికి సందేహం. కానే కాదు. దీనికి మిషన్ ఆసుపత్రుల చరిత్రలోనే ఒక జవాబు ఉంది. మన సంఘాలలో వేలూరు వెళ్లి వైద్యం చేయించుకుని వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేవారు, కేరళకు చెందినవారు. 1954లో జరిగిన కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిని నడుము కింద భాగం చచ్చుబడింది. ఆ రోజులలో అలాంటి మనిషిని మంచానికి అప్పగించేవారు. ఆమె శస్త్రచికిత్సలు చేయించుకున్నారు, చక్రాల కుర్చీలో కూర్చోగలిగే స్థితికి వచ్చారు. అప్పట్లో వేలూరులోనే డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు వలన వంకరపోయిన వేళ్లకు నరాలు కాదు, కండరాల చివర ఉండే స్నాయువులను మార్చి కుట్టే పద్ధతిని నేర్పుతున్నారు. చేతి శస్త్రచికిత్స కూర్చుని చేసే పని. మేరీ వర్గీస్ తన కుర్చీలో కూర్చునే ఆ రోగుల చేతులను బాగు చేశారు. తరువాత అమెరికాలో పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం మొదలైతే దానికి నాయకత్వం వహించారు. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె నడవలేదు, చివరివరకు నడవలేదు. నడవడం కోసం ఎంతమంది ప్రార్థించి ఉంటారో. కానీ ఆమె చేసిన పనికి కాళ్లు అక్కరలేకపోయింది, ఆపరేషన్ గదిలోకి కుర్చీ వెళ్లే దారి కావలసి వచ్చింది. ఆ దారి ఇచ్చినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మన ప్రార్థన మందిరాల దగ్గరికి వద్దాం. ఇక్కడ మా మాటలు కొందరికి నొప్పిగా తోచవచ్చు. చంకకర్రలతో ఒక సోదరుడు మొదటిసారి ఆరాధనకు వస్తే మనం ఏం చేస్తాం? ముందుకు పిలుస్తాం, చేతులుంచి స్వస్థత కోసం ప్రార్థిస్తాం. ఆయనను అడిగామా? ఆయనకు కావలసిన ప్రార్థన కొడుకు ఇంటర్మీడియట్ పరీక్షల గురించి కావచ్చు, కట్టవలసిన చిట్టీ గురించి కావచ్చు. ప్రతి వారం ఆయన కాళ్ల గురించే ప్రార్థించి, కాళ్లు మారకపోతే విశ్వాసం తక్కువైందన్నట్టు చూస్తే, కొన్నాళ్లకు ఆయన రావడం మానేస్తాడు. ప్రార్థన వద్దని మేము అనడం లేదు. ప్రార్థన మీద నిలబడిన సంస్థే మాది. ‘దేని గురించి ప్రార్థించమంటారు అన్నా?’ అని అందరినీ అడిగినట్టే ఆయననూ అడగమంటున్నాం. పాఠం చదవడానికి, కానుకలు లెక్కపెట్టడానికి, సంఘ కమిటీలో కూర్చోవడానికి ఆయన పేరు ఎవరైనా ప్రతిపాదించారా అని కూడా అడుగుతున్నాం.

పక్షవాయువు గల మనిషిని నలుగురు మోసుకొచ్చిన సంగతి పిల్లలకు కూడా తెలుసు. గుంపు వలన తలుపులోంచి దారి లేకపోతే ఇంటి పైకప్పు విప్పారు. మనం ఆ కథలో స్వస్థతనే చెప్పుకుంటాం. ఆ ఇల్లు ఎవరిదో గానీ, ఆయన కప్పు పాడైందని గొడవ పెట్టుకున్నట్టు మార్కు రాయలేదు. మనిషి లోపలికి రాలేకపోతే కట్టడాన్ని మార్చారు, మనిషిని బయట ఉంచలేదు. మనకు కప్పు విప్పే పని కూడా లేదు, మెట్ల పక్కన వాలుదారి వేస్తే చాలు.

దాని లెక్క చెబుతాం, ఎందుకంటే చాలాచోట్ల అది తప్పుగా వేస్తున్నారు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ఆరంగుళాల మెట్లు మూడు ఉంటే ఎత్తు అడుగున్నర, వాలుదారి పద్దెనిమిది అడుగులు. రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలు కావాలి. మోటారు సైకిలు లోపలికి ఎక్కించడానికి పోసిన సిమెంటు వాలు ర్యాంపు కాదు. దాని మీద చక్రాల కుర్చీ వెనక్కి జారిపోతుంది. తలుపు వెడల్పు మూడడుగులు ఉంటే కుర్చీ సులువుగా పడుతుంది. మరుగుదొడ్డి తలుపు కూడా కొలవండి, అది మరచిపోతారు.

డబ్బు ఖర్చు లేని మార్పులు కూడా ఉన్నాయి. చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చోవడం మన మర్యాద, మంచి మర్యాదే. కానీ పోలియో వచ్చిన కాలికి క్యాలిపర్ కట్టుకున్నవారికి బూటు కూడా దానితోనే ఉంటుంది. విప్పితే నిలబడలేరు. ఆ బూటుతోనే లోపలికి రమ్మనండి. గుమ్మం దగ్గర ఎవరూ గుడ్లురిమి చూడకండి. చాప అంచు మడత పడితే చంకకర్ర అందులో ఇరుక్కుంటుంది. నడిచే దారిలో చాప వేయకండి. ప్రభు భోజనం వేళ ముందుకు రాలేనివారి దగ్గరికి అందరితో పాటే తీసుకెళ్లండి, అందరూ అయిపోయాక గుర్తొచ్చినట్టు కాదు. స్పీకర్ల మోతకు చెవులు మూసుకుని ఏడ్చే బిడ్డ అల్లరి పిల్లవాడు కాకపోవచ్చు, ఆటిజం ఉన్నవారిలో కొందరికి పెద్ద శబ్దం భరించరానిదిగా ఉంటుంది. శబ్దం కొంచెం తగ్గిస్తే ప్రభువుకు వినపడకుండా పోదు. చూపు లేనివారికి పాటల పుస్తకం ఇవ్వడం కంటే ముందు రోజే పాటలు ఏవో ఫోనులో చెబితే వింటూ నేర్చుకుని వస్తారు.

పిలుపు గురించి ఒక మాట. మన ఊళ్లలో మనిషి పేరుకు ముందు కుంటి, గుడ్డి, చెవిటి, మెల్ల అని తగిలించడం ఎంత మామూలైపోయిందంటే, అలా పిలిచేవాళ్లకు అది తిట్టుగా కూడా తోచదు. పిలిపించుకునేవారికి తోస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నలుగురిలో ఒక వికలాంగుణ్ని కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. చట్టం దాకా పోవాలని కాదు, అది నేరమని తెలిస్తే చాలు. ‘వికలాంగులు’ అనాలా, ‘దివ్యాంగులు’ అనాలా అని మమ్మల్ని అడుగుతుంటారు. రెండవ మాటను ప్రధానమంత్రి 2015లో ప్రచారంలోకి తెచ్చారు. కొందరికి ఇష్టం, దివ్యత్వం అంటగట్టి హక్కులు మరిపిస్తున్నారని కొందరికి కోపం. మాకు పట్టింపు లేదు. మనిషికి పేరంటూ ఒకటి ఉంటుంది, దానితో పిలిస్తే ఈ చర్చే రాదు.

ఆ చట్టం గురించి ఇంకొంచెం తెలుసుకోండి. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. కొత్తదానిలో 21 ఉన్నాయి. ఆటిజం, తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి, యాసిడ్ దాడి బాధితులు కూడా అందులోకి వచ్చారు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గరలోని మామూలు బడిలోనైనా సరే, ప్రత్యేక పాఠశాలలోనైనా సరే. ‘ఇలాంటి పిల్లలను మేము తీసుకోం’ అని బడివాళ్లు అంటే తల దించుకుని వెనక్కి రాకండి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదు. పదవ తరగతి తరువాత సైన్సు గ్రూపు ఇవ్వం పొమ్మన్నారు. ఆయన కోర్టుకు వెళ్లి గెలిచి చదివారు, అమెరికాలోని ఎం.ఐ.టి. దాకా వెళ్లి, 2012లో హైదరాబాదులో సొంత కంపెనీ పెట్టారు. సైన్సు చదవడానికి అడ్డుపడింది ఆయన కళ్లు కాదు, ఒక నిబంధన. అదీ కోర్టులో ఒక్క తీర్పుతో పోయింది.

గుర్తింపు కార్డు కోసం యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఆధార్, ఫొటో, పాత వైద్య కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి జాతీయ ట్రస్టు ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. చాలా కుటుంబాలు కార్డు తీసుకోవడానికి సంకోచిస్తాయి. ‘కార్డు తీసుకుంటే ముద్ర పడిపోతుంది’ అంటారు. ఆ సంకోచం కూడా తలవంపుల సంతానమే. కార్డు లేనంత మాత్రాన బిడ్డ మారడు, రావలసింది మాత్రం రాకుండా పోతుంది.

తల్లుల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. గర్వపడండి అని రాయడం మాకు తేలిక. పదిహేనేళ్ల కొడుకును రోజూ ఎత్తి స్నానం చేయించే తల్లికి నడుము నొప్పి ఉంటుంది, నిద్ర ఉండదు, తన తరువాత వాడి గతి ఏమిటన్న దిగులు ఉంటుంది. ఆమెను ‘దేవుడు మీకు ప్రత్యేకమైన భారం ఇచ్చాడు’ అని పొగిడి ఇంటికి పంపకండి. స్త్రీల కూడికలోని సహోదరీలు వంతులవారీగా ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఆ బిడ్డ దగ్గర కూర్చుంటే ఆమె నిద్రపోతుంది, లేదా పెళ్లికి వెళ్లి వస్తుంది. ఆ పెళ్లికి బిడ్డతో సహా రమ్మని పిలిస్తే ఇంకా మంచిది. శుభలేఖ ఇచ్చేటప్పుడు ‘బాబును కూడా తీసుకురావాలి అక్కా’ అని నోటితో చెప్పండి. చెప్పకపోతే ఆమె తీసుకురాదు.

ఈ నెలాఖరులోగా ప్రతి సంఘం నుంచి ఒకరు టేపు తీసుకుని మీ మందిరం మెట్లు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని అంగుళాలు, ముఖద్వారం, మరుగుదొడ్డి తలుపుల వెడల్పు ఎంత, ముందు ఖాళీ స్థలం ఎన్ని అడుగులు ఉందో కొలిచి కాగితం మీద రాసి మా ఓ.పీ. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఇవ్వండి. ఫిజియోథెరపీ విభాగంవారు లెక్క వేసి ఎలా కట్టాలో గీసి ఇస్తారు, దానికి రుసుము లేదు. మీ సంఘంలో చక్రాల కుర్చీ గానీ చంకకర్రలు గానీ వాడేవారు ఉంటే కొలిచేటప్పుడు వారిని తప్పక పిలవండి. ఎక్కడ జారుతుందో, ఎక్కడ తగులుతుందో వారికే తెలుసు.